మూడు పడవల్నీ నమ్మిన యంత్రం

కృత్రిమ మేధను ఉద్యోగంలోంచి తీసేసిన మొదటి తెలుగువాణ్ణి నేనే. పెద్ద పెద్ద కంపెనీలన్నీ మనుషుల్ని ఇంటికి పంపి దాన్ని కుర్చీలో కూర్చోబెట్టుకుంటున్న రోజుల్లో, ఏలూరు పవరుపేటలో ఒక మేడ మీద, కమిటీ అంతా చూస్తుండగా, "రేపట్నుంచి రానక్కర్లేదు" అని దాని మొహం మీదే చెప్పేశాం. మొహం లేదనుకోండి. మా వెబ్‌సైటులో కుడిచేతి మూల ఒక గుండ్రటి బొమ్మ ఉండేది, దానికే చెప్పాం.

ఈ సంగతి పెళ్ళిపందిళ్ళలో చెప్పాను, రైళ్ళలో చెప్పాను, కళ్ళ డాక్టరు దగ్గర వరసలో కూర్చుని కూడా చెప్పాను. ఎవరూ కాదనలేదు. దాంతో నేనీ విషయంలో అనుభవజ్ఞుణ్ణని పేరు పడిపోయింది. సేవాసంస్థల్లో పనిచేస్తున్న కుర్రవాళ్ళు ఇప్పుడు ఫోన్ చేసి, "మా వెబ్‌సైటులో ఏఐ పెట్టమంటారా, వద్దంటారా అండీ?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెబితే ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది. అందుకని జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

మాది చిన్న సంస్థ. కొల్లేటి మధ్య దిబ్బల మీదున్న లంక ఊళ్ళ నుంచి జబ్బుపడ్డవాళ్ళనీ, పురిటికి దగ్గరపడ్డవాళ్ళనీ పడవలో ఒడ్డుకి చేర్చడం మా పని. ప్రెసిడెంటు గారు మిషన్ స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన ఆవిడ. మా దగ్గరికొచ్చి అప్పటికి ఏడాదే. పడవ నడిపే ఆయన లంకలోనే పుట్టి పెరిగినవాడు. ఆఫీసులో ఫోను ఎత్తేందుకు ఒకావిడ ఉండేది. ఆవిణ్ణి అందరం ఫోనావిడ అనేవాళ్ళం. రిపోర్టులూ, కరపత్రాలూ, వెబ్‌సైటులో రాతలూ నావి.

ఫోనావిడ పద్ధతి వేరు. అవతలివాళ్ళు ఏమడిగినా ముందు జవాబు చెప్పేది కాదు, తనే ప్రశ్నలు మొదలుపెట్టేది. "ఏ ఊరండీ? ఎవరింటి కోడలు? ఎన్నో నెల? మీ గట్టు దాకా నీళ్ళొచ్చాయా?" అన్నీ విన్నాక, వానాకాలమైతే ఆవిడ చెప్పేది ఒకటే మాట. "పడవ మీద ఆశ పెట్టుకోకండమ్మా. ముందే ఒడ్డుకొచ్చేయండి."

ఇది ఆవిడ కనిపెట్టింది కాదు, లంకల్లో తాతల నాటి పద్ధతే. నీళ్ళు పెరిగాక, తొమ్మిదో నెల వచ్చిన మనిషిని లంకలో ఉంచరు. ఒడ్డునున్న చుట్టాలింటికి పంపించేస్తారు. అయినా నాకు ఒళ్ళు మండేది. పడవ సంస్థలో కూర్చుని పడవ మీద ఆశ పెట్టుకోవద్దని చెప్పడం ఏమిటి? నేను మరో గదిలో ఆ పడవ గురించే ఎంత కమ్మగా రాస్తున్నానో ఆవిడకేం తెలుసు?

నా రాత గురించి కూడా చెప్పాలి. మా వైపు భోజనానికి పిలిచేవాళ్ళు "ఏదో పచ్చడి మెతుకులండీ" అని పిలిచి పద్దెనిమిది రకాలు వడ్డిస్తారు. నేను దానికి తలకిందులు. పద్దెనిమిది రకాలని రాసి పచ్చడి మెతుకులు వడ్డించేవాణ్ణి. మాకున్నది ఒక పడవ. నా రిపోర్టుల్లో మూడు. రెండోది, వరద వచ్చిన ఏడాది చేపల చెరువు ఆసామి ఒకాయన నాలుగు రోజులిచ్చి మళ్ళీ తీసుకుపోయింది. మూడోది మొదటిదే. నీలం రంగు వేయించాక అవతలి వైపు నుంచి ఫొటో తీయించాను. పడవాయన ఒకసారి టీ తాగుతూ "ఎప్పుడు పిలిచినా వస్తానండి" అన్నాడు. దాన్ని "ఇరవైనాలుగు గంటల అత్యవసర సేవ" అని రాశాను. "వైద్య బృందం" అంటే శనివారం శనివారం వచ్చే డాక్టరు గారూ, ఆయన సంచీ మోసుకొచ్చే డ్రైవరూ.

దీనివల్ల ఎవరికీ నష్టం లేదని నా వాదన. దాతలు ఫొటోలు చూసి రిపోర్టుని బీరువాలో పెట్టేసేవారు. లంకలవాళ్ళు చదివేవారే కాదు. వాళ్ళకేం కావాలన్నా ఫోనావిడ ఉంది.

ఆ ఫోనుతోనే చిక్కొచ్చింది. ఉన్నది ఒక్కటే. ఎప్పుడు చేసినా ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. మా వెబ్‌సైటు చేసిపెట్టిన ఇంజనీరమ్మ తాడేపల్లిగూడెంలో ఉండేది. ఆవిడ ఓ రోజు రైలు దిగి వచ్చి, "వెబ్‌సైటులో ఏఐ పెడదామండీ. ఎవరేం అడిగినా అదే జవాబు చెబుతుంది. ఒకేసారి వందమంది అడిగినా విసుక్కోదు" అంది.

ప్రెసిడెంటు గారు వెంటనే ఒప్పుకోలేదు. "నెల రోజులు పెట్టి చూద్దామండీ. ఆ తర్వాత ఉంచాలో తీసెయ్యాలో కమిటీలో తేలుద్దాం. ప్రతి వారం అదేం చెప్పిందో అచ్చు తీసి ఇవ్వండి. తప్పులుంటే ఈయన చూస్తారు" అని నా వైపు చూపించారు. పేపర్లు దిద్దే పని నాకు పడిందన్నమాట.

"దీనికి చదవడానికి ఏమివ్వమంటారండీ?" అని ఇంజనీరమ్మ అడిగింది.

నేను బీరువా తెరిచి ఇరవై ఏళ్ళ రిపోర్టులు, కరపత్రాలతో సహా, బల్ల మీద పేర్చాను. ఒక రచయిత సమగ్ర రచనలన్నీ ఒకచోట చూసుకుంటే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ఆవిడ పేజీలు తిప్పి, "ఇవన్నీ ఖాయమేనాండీ? ఎందుకంటే ఇది చదివింది చదివినట్టు నమ్మేస్తుంది. ఇందులో ఎంత తీసేసి వినాలో మనకి తెలిసినట్టు దానికి తెలీదు" అంది.

"అక్షరం పొల్లు లేదమ్మా" అన్నాను.

పక్క గదిలో ఫోనావిడ ఒకసారి దగ్గింది. వానాకాలం కదా, పడిశమనుకున్నాను.

యంత్రం పనిలోకి దిగింది. మేం దాన్ని డబ్బా అనేవాళ్ళం. మొదటి రోజే, "మీ సంస్థ ఏం చేస్తుంది?" అని ఎవరో పరాయివాడిలా టైపు చేశాను. అది చెప్పింది చూడండీ! నా వాక్యాలు, నా విశేషణాలు, నా "అలుపెరుగని సేవ", నా "అలలపై ఆశాదీపం", ఒక్కటి వదలకుండా వల్లించింది. నలభై ఏళ్ళ కాపురంలో మా ఆవిడ నా మాట ఒక్కటైనా అంత శ్రద్ధగా తిరిగి చెప్పిన పాపాన పోలేదు. ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను కదా, నా రచనలు పూర్తిగా చదివి, పూర్తిగా నమ్మిన మొదటి పాఠకుడు దొరికాడు. నేను పడిపోయాను.

కనక ఇక్కడ ఒక చిన్న సవరణ. నెల తిరిగాక కమిటీ కూర్చున్న రోజున నేను వెళ్ళింది దాన్ని తీసెయ్యమనడానికి కాదు, పర్మినెంటు చెయ్యమనడానికి. రెండు పేజీల ఉపన్యాసం కూడా రాసుకున్నాను. ఇంజనీరమ్మ కూడా వచ్చింది. వారం వారం వచ్చిన అచ్చు కాగితాల్లో మొదటి నాలుగైదు చూసి, అంతా నా భాషే కాబట్టి తప్పులెందుకుంటాయని, మిగతావాటికి ఎర్ర సిరాతో టిక్కులు పెట్టి బల్ల మీద పడేశాను.

నేను ఉపన్యాసంలో రెండో పేజీకొచ్చేసరికి ఫోనావిడ తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో ఒక కాగితం. నంబర్లు రాసుకోవడానికి నా బల్ల మీది కాగితాల వెనకవైపు వాడుకోవడం ఆవిడకి అలవాటు. ఆ రోజు రాసుకుంటూ రాసుకుంటూ ముందువైపు తిప్పి చూసిందట.

"ఆపండీ ఒక్క నిమిషం" అని, నించునే చదివింది.

ఒక లంక ఊరి నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న అది. ఊరి పేరూ, ఫోను నంబరూ కూడా రాసింది. "నాకు తొమ్మిదో నెల. నీళ్ళు పెరిగాయి, గుండుగొలనులో మా ఆడపడుచు గారింటికి వెళ్ళిపొమ్మని మా అత్తగారు అంటున్నారు. వెళ్ళాలా? నొప్పులొస్తే మీ పడవ వస్తుందా?"

దానికి డబ్బా జవాబు. "అభినందనలు! మా మూడు పడవలు ఇరవైనాలుగు గంటలూ లంక గ్రామాలన్నిటికీ అత్యవసర సేవలందిస్తున్నాయి. మా వైద్య బృందం సదా సిద్ధంగా ఉంటుంది. మీరు ఇంటివద్దనే నిశ్చింతగా ఉండవచ్చు."

కింద ఆ అమ్మాయి మళ్ళీ రాసింది. "చాలా థ్యాంక్సండీ. ఇది మా అత్తగారికి చూపిస్తాను."

ఆ "నిశ్చింతగా" అన్న మాటతో సహా అన్నీ నావే. పక్కనే నా ఎర్ర టిక్కు.

"ఈ పిల్ల అడిగి పన్నెండు రోజులైందండీ. తొమ్మిదో నెల అంది. నెలలో ఎన్ని రోజులు గడిచాయని ఇది అడగనైనా అడగలేదు. నేను అడిగుందును" అంది ఫోనావిడ. "ఇప్పుడే ఆ నంబరుకి చేశాను. అందట్లేదు. రెండ్రోజులుగా అక్కడ కరెంటు లేదంట. ఫోనుకి ఛార్జింగు ఉండదు."

"పడవ ఎక్కడుంది?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"పడవ గట్టునే ఉందండీ. ఇంజను ఆకివీడులో విప్పి పెట్టారు, ఎల్లుండికి గానీ రాదు" అంది ఫోనావిడ.

ప్రెసిడెంటు గారు కంగారు పడలేదు. "పోనీ మిగతా రెండు పడవల్లో ఒకటి పంపండి" అన్నారు నాతో, ఎంతో మామూలుగా.

ఇంజనీరమ్మ నా వంక చూసింది. ఫోనావిడ కాగితం వంక చూసింది. పాపం, ప్రెసిడెంటు గారు కూడా నా పాఠకురాలేనని నాకు అప్పుడు తెలిసింది.

"మిగతావి... లేవండి" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. స్కూల్లో పిల్లలకి ఆ కళ్ళజోడు తీయడమంటే ఏమిటో తెలిసి ఉంటుంది. నాకు ఆ రోజు తెలిసింది. "ముందు డబ్బా ఆపెయ్యండమ్మా" అని ఇంజనీరమ్మతో చెప్పి, "మీరూ, ఈవిడా వెంటనే బయల్దేరండి. తక్కినది తిరిగొచ్చాక మాట్లాడదాం" అన్నారు నాతో.

ఆటోలో గుండుగొలను దాటి గట్టు దాకా వెళ్ళాం. దారిలోనే ఫోనావిడ అంబులెన్సు వాళ్ళకి ఫోన్ చేసి, మేం తిరిగొచ్చే వేళకి గట్టు మీద ఉండమని చెప్పింది. పడవాయన గెడ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. అక్కణ్ణుంచి ఆ వానలో, గుర్రపుడెక్క తెట్టెల్లోంచి, గెడ వేసి పడవని నేనే నడిపానని మొన్నమొన్నటి దాకా చెప్పేవాణ్ణి. నడిపింది పడవాయన. నేను గొడుగు పట్టుకున్నాను. గొడుగు గాలికి నిండి పడవని వెనక్కి లాగుతోందని ఆయన రెండుసార్లు చెప్పాక గానీ ముడవలేదు.

"ఏవండీ, మనకి మూడు పడవలున్నాయంట కదండీ" అన్నాడు గెడ తోస్తూ. ఫోనావిడ అప్పటికే చెప్పేసిందన్నమాట. "ఇది ఎన్నోదండీ?"

నేను గొడుగు మడతలు సర్దుకున్నాను.

"ఒకటోదైతే ఇలా తోస్తాను. మూడోదైతే రంగేసింది కదా, కాస్త మెల్లిగా తోస్తాను. అందుకని అడిగానండి. ఆయ్."

ఫోనావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నీళ్ళ వైపు తిరిగింది.

మేం వెళ్ళేసరికి ఆ అమ్మాయి అరుగు మీద కూర్చుని చేటలో ఎండురొయ్యల తలలు తీస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అత్తగారు మమ్మల్ని చూస్తూనే, "ఇదిగోనే, నీ మూడు పడవలవాళ్ళు వచ్చారు" అంది.

"ఒక్కటే వచ్చిందేంటండీ?" అంది అమ్మాయి నవ్వుతూ. "అయినా నేను పిలవలేదు కదా. నాకేం నొప్పుల్లేవు, పొద్దుట్నుంచి నడుం లాగుతోందంతే."

నడుం లాగుతోందన్న మాట వినగానే ఫోనావిడ అరుగెక్కి ఆమె పక్కన కూర్చుంది. "ఎప్పట్నుంచి లాగుతోందమ్మా? ఆగి ఆగి వస్తోందా? ఇక లేచి బయల్దేరిపోదాం."

"ఎక్కడికండీ, మా వదినగారింటికా? నేను రానండీ. కిందటేడు వారం రోజులుంటే, నేను వండిన ప్రతి కూరకీ ఉప్పెక్కువైందనే అంది. పురిటికెళ్ళి కూడా అది పడాలా? మీరే కదా నిశ్చింతగా ఇంటివద్దనే ఉండమన్నారు. ఇదిగో, ఫొటో తీసి కూడా పెట్టుకున్నాను, ఛార్జింగు లేదు గానీ."

నేను గొంతు సవరించుకున్నాను. "అదీ... అమ్మా, అది యంత్రం చెప్పిన మాట. ఈ యంత్రాలున్నాయే, ఒక్కోసారి లేనిపోనివి..."

ఫోనావిడ తలెత్తి నా వంక చూసింది. దగ్గలేదు. చూసిందంతే.

అక్కడ నాకు రెండు దారులున్నాయి. ఆ పిల్ల మా మీద నమ్మకంతో కదలనంటోంది. యంత్రం అబద్ధమాడిందంటే నేను బయటపడతాను, కానీ ఏది అబద్ధమో, ఎంత అబద్ధమో తెలియనిదే ఆమె లేవదు.

"యంత్రం తప్పేం లేదమ్మా" అన్నాను. "అది నేను రాసిందే చెప్పింది. పడవ ఒకటే. ఇదే. దీనికి ఇవాళ ఇంజను లేదు. రాత్రి పూట రాదు. డాక్టరు శనివారమే వస్తారు."

నా జీవితంలో విశేషణం లేకుండా మాట్లాడింది ఆ ఒక్కసారే. చాలా చిన్నగా అయిపోయింది.

ఆ అమ్మాయి చేట పక్కన పెట్టింది. కోపగించుకుంటుందనుకున్నాను. "ఒకటే అని ముందే చెప్పొచ్చు కదండీ. ఆ రోజే వెళ్ళిపోదును" అంది. అంతే. ఆ మాట ఈ రోజుకీ నాకు అరగలేదు.

"నేను పదిసార్లు చెప్తే వినలేదు, ఫోను ఒక్కసారి చెప్తే విన్నావు" అని అత్తగారు అప్పటికే లోపల బట్టలు మూట కడుతోంది.

నడి కొల్లేట్లో ఆమె పడవ అంచు గట్టిగా పట్టుకుంది. ఫోనావిడ ఆమెను ఒళ్ళో ఆనించుకుని, "ఎవరింటి అమ్మాయివి? మీ అమ్మగారిది ఏ ఊరు? ఎంతమంది మీరు?" అని ఒక్క క్షణం ఊపిరాడనివ్వకుండా ప్రశ్నలు వేస్తూనే ఉంది. ఆ ప్రశ్నలు ఎందుకో ఇరవై ఏళ్ళలో మొదటిసారి నాకు అర్థమైంది. ప్రశ్నలకి జవాబులు చెప్పే మనిషి భయపడటం మర్చిపోతుంది. పడవాయన హాస్యాలు మానేశాడు. తెట్టె అడ్డం పడ్డ రెండు చోట్ల నడుం లోతు నీళ్ళలోకి దిగి భుజంతో తోశాడు. నేను కూడా దిగాను. (దిగాను. దీనికి సాక్షులున్నారు. చెప్పులు ఇప్పటికీ కొల్లేట్లోనే ఉన్నాయి.)

గట్టు మీద అంబులెన్సు నిలబడి ఉంది. ఏలూరు పెద్దాసుపత్రికి చేరిన గంటలోపే ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. సాయంత్రానికి ఆ ఆడపడుచు గారు గుండుగొలను నుంచి క్యారియరు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. రెండో ముద్ద దగ్గర అమ్మాయి, "ఉప్పు సరిగ్గా సరిపోయింది వదినా" అంది. ఆ వార్డులో ఆ మాట విలువ తెలిసిన పరాయివాణ్ణి నేనొక్కణ్ణే.

మర్నాడు కమిటీ మళ్ళీ కూర్చుంది. అలా డబ్బా ఇంటికి పోయింది. ఆ వెంటనే నేను కూడా సగౌరవంగా విశ్రాంతి తీసుకున్నాను. శాలువా కప్పారు.

ఇక మీ ప్రశ్నకి జవాబు. ఏఐ పెట్టాలా వద్దా అన్నది రెండో ప్రశ్న. ఊళ్ళోవాళ్ళకి మన రాతల్లో ఎంత తీసేసి వినాలో తెలుసు. యంత్రానికి తెలీదు. అది మనల్ని పూర్తిగా నమ్ముతుంది. అంత నమ్మకానికి తగినట్టు రాశామా అన్నది మొదటి ప్రశ్న. మీ ఆఫీసులోనూ ఒక ఫోనావిడ ఉంటుంది. వెబ్‌సైటులో ఉన్నదంతా ఆవిడ ముందు పైకి చదవండి. ఆవిడ దగ్గిన చోటల్లా కొట్టెయ్యండి. మిగిలింది ఎంత చిన్నదైనా సరే, దాన్నే యంత్రానికివ్వండి.

చెప్పి ఊరుకుంటే బాగుండదని, ఈ రాసిందంతా నిన్న ఫోనావిడకే చదివి వినిపించాను. మా ఇంటికొచ్చి, కాఫీ తాగుతూ చివరిదాకా వింది. ఎక్కడా దగ్గలేదు. నాకు అనుమానం రావలసింది.

"పడవ సంగతి బాగా రాశారండీ" అంది గ్లాసు కింద పెట్టి. "చెప్పులు కూడా నిజమే. కానీ డబ్బాని ఎవరు తీసేశారండీ? ఉంచమని పట్టుబట్టింది నేనే. డాక్టరు గారు ఎప్పుడొస్తారని రోజుకి ముప్ఫైసార్లు చెప్పలేక నా గొంతు పోతోందన్నాను. పది రోజులాపి, నేను రాసిచ్చిన రెండు పేజీలు చదివించి మళ్ళీ పెట్టారు. ఇప్పటికీ పనిచేస్తోంది. ఏ ఊరు, ఎన్నో నెల అని ముందు అదే అడిగి, నా నంబరిస్తోంది. శాలువా నిజమే, నేనే కొనుక్కొచ్చాను. 'రేపట్నుంచి రానక్కర్లేదు' అని ప్రెసిడెంటు గారు అన్న మాటా నిజమే. ఆవిడ అన్నది డబ్బాతో కాదు, మీతో."